టైపు అక్క వేలు ఆగిన చోట

లెక్కల శాఖ భవనానికి వెనక గేటు ఒకటుంది. అది దాటగానే జెరాక్సు దుకాణం, దాని పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, ఆ రెంటికీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప ఎక్కలేని మెట్లు. ఆ మెట్లు ఎక్కకుండా ఆ శాఖలో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ డాక్టరు కాలేదు. పైన ఉండేది టైపు అక్క.

ఆవిడ ఇప్పటికి నూట ముప్పైఏడు థీసిస్‌లు టైపు చేసింది. వాటిలో సగానికి పైగా టోపాలజీవే. సొంత చదువు మాత్రం స్కూలు ఆఖరి పరీక్షలో, సరిగ్గా లెక్కల పేపరు దగ్గర, రెండుసార్లు బోల్తా కొట్టి ఆగిపోయింది. రెండోసారి వచ్చిన మార్కులు మొదటిసారి కన్నా తక్కువ. "తప్పడంలో కూడా నిలకడ లేదే నీకు," అన్నాడట వాళ్ళ నాన్న. ఆ మాటకి ఉడుక్కుని టైపు నేర్చుకుంది. అప్పట్లో మిషను మీద గుర్తులు ఉండేవి కావు. గుర్తు రావలసిన చోటల్లా ఖాళీ వదిలి, తరవాత నల్ల సిరాతో చేత్తో నింపాలి. ఏ అక్షరానికి తోక ఎటు వంగాలో, ఏ గీత మీద టోపీ ఉండాలో ఆవిడకి తెలిసినంతగా అవి కనిపెట్టినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు. కంప్యూటరు వచ్చాక సిరా పోయింది గాని కుడిచేతి మధ్యవేలి మీద కాయ పోలేదు.

ఆవిడకి ఒక నియమం ఉంది. 'ఇది స్పష్టమే' అన్న మాట కనిపిస్తే చాలు, టైపు చెయ్యదు. అంచులో ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడుతుంది. రాసినవాడు మెట్లెక్కి వచ్చి, ఎందుకు స్పష్టమో నోటితో చెప్పాలి. చెబితేనే ఆ మాట కాగితం మీద పడుతుంది.

దీని వెనక ఒక కుర్రాడి కన్నీళ్ళున్నాయి. చాలా ఏళ్ళ క్రితం పరీక్ష పెట్టినవాళ్ళు ఒకడిని సరిగ్గా ఆ మాట దగ్గరే పట్టుకుని, "ఏదీ, ఎంత స్పష్టమో చెప్పు చూద్దాం," అన్నారు. వాడు చెప్పలేక, తిన్నగా వచ్చి ఈ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ మాట టైపు చేసిన వేళ్ళు తనవే కాబట్టి పాపంలో తనకీ వాటా ఉందని అక్కకి అనిపించింది.

"నీకు అర్థమవుతుందా అక్కా, మేం చెప్పేది?" అని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

"అర్థమవడం దేనికయ్యా? నేను మీ మొహం చూస్తాను. తెలిసినవాడు కాగితం వైపు చూసి చెబుతాడు. తెలియనివాడు ఫ్యాను వైపు చూసి చెబుతాడు."

ఆ గదిలో ఫ్యాను వైపు చూసినవాళ్ళలో ఇప్పుడు పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు దారిలో ఆవిడ కనిపిస్తే అవతలి పేవ్‌మెంటు ఎక్కుతారు.

ఇంట్లో మనుషులు ముగ్గురు. అక్క, సిటీ బస్సు నడిపే ఆవిడ భర్త, వెనక గదిలో పదేళ్ళుగా థీసిస్ రాస్తున్న ఆవిడ తమ్ముడు. వెనక గది అంటే గది కాదు. బాల్కనీకి రేకులు కొట్టించి మూసింది. మంచం వేస్తే బల్లకి చోటుండదు. బల్ల వేస్తే మంచానికి ఉండదు. అందుకని తమ్ముడు మంచం మీద పలక వేసుకుని రాసేవాడు, పలక కింద కాళ్ళు పెట్టుకుని పడుకునేవాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బావ ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ నువ్వు చేసే పనేంట్రా బావమరిదీ?"

"నువ్వు చేసేదే బావా. డిపోలో బయల్దేరి మళ్ళీ డిపోకి రావడం."

"దానికి పదేళ్ళెందుకు? నేను గంటలో వస్తాను."

తమ్ముడు కంచం పక్కకి జరిపాడు. "రోడ్డు తవ్వేశారని పక్క వీధిలోంచి బస్సు తిప్పుకొచ్చావనుకో. ట్రిప్పు మారినట్టా?"

"ఛ, అదే ట్రిప్పు."

"రైల్వే యార్డుకి అవతలి పక్క నుంచి వస్తే?"

"అమ్మో, అది వేరే రూటు. యార్డు మీంచి బస్సు దూకుతుందా ఏంటి?"

"అంతే. మధ్యలో యార్డు లాంటి అడ్డు లేకుండా కొంచెం కొంచెం జరుపుకుంటూ ఒకదాన్ని ఇంకోదానిలా మార్చగలిగిన ట్రిప్పులన్నీ ఒక కట్ట. ఒక ట్రిప్పు వెంట ఇంకో ట్రిప్పు వేస్తే అదీ ఒక ట్రిప్పే. వచ్చిన దారినే వెనక్కి నడిపితే రద్దు. ఆ కట్టలన్నిటినీ కలిపి గ్రూపు అంటాం."

"మరి డిపోతో పని లేకుండా, ఏ మూలనైనా ఎక్కి ఏ మూలనైనా దిగుతానంటే?"

"అది గ్రూపాయిడ్. నా థీసిస్ దానిమీదే."

"అంటే టాక్సీవాడివి. ఆ ముక్క మొదటే చెప్పచ్చు కదరా! నీకు సంబంధాలు తెచ్చేవాళ్ళు ఎప్పుడడిగినా నేను నీళ్ళు నములుతున్నాను."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తమ్ముడికి టాక్సీ అని పేరు పడింది.

టాక్సీ చేసే అసలు పని ఇంకో మెట్టు పైన ఉంది. ఏ కట్టకి ఏ కట్ట దగ్గర, ఏది దూరం అని తేల్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది. టోపాలజీ అంటే అదే. ఆ దగ్గరితనాన్ని ట్రిప్పుల నుంచి కట్టలకి దింపుతారు. అలా దింపాక, ఒక కట్ట వెంట ఇంకో కట్టని కలిపినప్పుడు ఏ తేడా రాకూడదు. అంటే రెండు కట్టల్నీ రవ్వంత కదిపితే, కలిపిన కట్ట కూడా రవ్వంతే కదలాలి. ఎగిరి ఎక్కడో పడకూడదు. డిపో ఒక్కటే ఉన్నప్పుడు ఇది ఎప్పుడూ నిజమేనని తమ్ముడి గైడు గారు పన్నెండేళ్ళ క్రితం ఒక పేపరు అచ్చేయించారు. తమ్ముడు దాన్ని టాక్సీలకి సాగదీసి, ఆ పునాది మీద రెండు అధ్యాయాల మేడ కట్టాడు. థీసిస్ మొత్తం నూట యాభైనాలుగు పేజీలు. గైడు గారి పేపరు ఇల్లయితే, ఇతనిది దానికి మేడ గది. వెనక గదిలో కూర్చుని కట్టిన మేడ గది.

అతను ఒక కాలేజీలో తాత్కాలికంగా పాఠాలు చెబుతున్నాడు. ఈ సోమవారం సాయంత్రం ఐదింటిలోగా థీసిస్ దాఖలు చేసి రసీదు చూపించకపోతే ఆ ఉద్యోగం ఊడుతుంది. గడువు ఇప్పటికి మూడుసార్లు పొడిగించారు. నాలుగోసారి అడగడానికి వెళితే ఆఫీసు గుమాస్తా తల ఎత్తకుండా, "మీరింకా ఉన్నారా?" అన్నాడు.

బుధవారం పొద్దున తమ్ముడు ఆఖరి కట్ట కాగితాలు తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. తొంభైయ్యో పేజీ దాకా ఆవిడ వేళ్ళు వానజల్లులా సాగాయి. తొంభై ఒకటో పేజీ మధ్యలో ఆగాయి.

అక్కడ ఇలా ఉంది: 'ఒక్కో కట్టకి దగ్గరితనం ట్రిప్పుల నుంచి వచ్చింది. కాబట్టి కట్టల జతలకి కూడా దగ్గరితనం ట్రిప్పుల జతల నుంచే వస్తుంది. ఇది స్పష్టమే.'

అక్క ఎర్ర పెన్సిలు తీసింది.

"అక్కా, నాకు కూడానా?" అన్నాడు తమ్ముడు.

"నీకైతే రెండు పెడతాను. చెప్పు."

తమ్ముడు నోరు తెరిచాడు. తరవాత ఫ్యాను వైపు చూశాడు.

ఆ చూపు అక్క చూసింది. అయినా గొంతు మామూలుగానే పెట్టింది. "ఒరేయ్, ఇంకో సంగతి. ఈ వాక్యం చివర నా వేలు 'అవనక్కరలేదు' అని కొట్టాలని చూస్తోంది. ఇదే వాక్యం ఎప్పుడో వేరే థీసిస్‌లో కొట్టాను. అందులో అలాగే ఉంది."

"వేలు చెబితే రుజువైపోతుందా? అక్కా, ఇవాళ బుధవారం!"

"బుధవారమని నాకూ తెలుసు. ఆ పెట్టె ఇటు లాగు."

మంచం కింది రేకు పెట్టెలో పాత థీసిస్‌ల నకళ్ళున్నాయి. మధ్యాహ్నం దాకా ఇద్దరూ దుమ్ములో తుమ్ముతూ వెతికారు. చివరికి దొరికింది. పదకొండేళ్ళ క్రితంది. రాసినవాడు ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకుంటున్నాడు. అతని డెబ్బైయ్యో పేజీలో, దగ్గరితనం ఒక్కోదానికి సరిగ్గా దిగినా, జతలకి వచ్చేసరికి అలా దిగనక్కరలేదని ఉంది. కింద ఉదాహరణ కూడా ఉంది.

తమ్ముడు అది నిలబడే చదివాడు. తరవాత పెట్టె మీద కూర్చుని మళ్ళీ చదివాడు.

"ఇందులో ఉన్నది వేరే సరుకు," అన్నాడు నెమ్మదిగా. "మనవి ట్రిప్పులు. ట్రిప్పులకి ఈ రోగం రాకపోవచ్చు."

"రాకపోవచ్చా, రాదా?"

తమ్ముడికి కోపం ముంచుకొచ్చింది. "ఎవరు చదువుతారక్కా దీన్ని? పరీక్షించేవాళ్ళు ఇద్దరు. ఒకాయన మొదటి పేజీలో తన పేరుందో లేదో చూస్తాడు. రెండో ఆయన వెనక పట్టికలో తన పేపర్లున్నాయో లేదో చూస్తాడు. మధ్యలో నేను పాటల పుస్తకం కుట్టినా దాటిపోతుంది. నువ్వొక్కదానివే చదువుతున్నావ్. నువ్వు కళ్ళు మూసుకుంటే నా బతుకు గట్టెక్కుతుంది!"

అక్క తొంభై ఒకటో పేజీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అతనికి ఆ డిగ్రీ రావాలని అతనికన్నా ఎక్కువ కోరుకునే మనిషి ఆవిడే. లెక్కల్లో రెండుసార్లు తప్పిన ఇంట్లోంచి లెక్కల డాక్టరు బయటికొస్తే వాళ్ళ నాన్న ఫోటో ముందు నిలబడి ఏమనాలో కూడా ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. కళ్ళు మూసుకుని టైపు చెయ్యడం ఆవిడకి కష్టమేం కాదు. ఇరవై రెండేళ్ళ అలవాటు. కాని ఆ మాట మీద వేలు పెట్టగానే మెట్ల మీద ఏడ్చిన కుర్రాడి స్థానంలో తమ్ముడు కనిపించాడు.

"మీ గైడు గారిని అడిగిరా. ఆయన అచ్చేసిందే కదా. చెప్పమను, మారుమాట లేకుండా కొడతాను."

గురువారం సాయంత్రం గైడు గారే వచ్చారు. 'మా అక్క టైపు చెయ్యనంటోంది' అని తమ్ముడు చెబితే ఆయనకి నవ్వొచ్చిందట. బొద్దు మనిషి. మెట్ల మధ్యలో ఒకసారి ఇరుక్కుని, చేతిసంచి ముందు పంపి, తరవాత తాను పైకి చేరారు.

"ఏమ్మా, మా వాక్యం మీద అలిగావట?"

"అలగడం కాదండీ. ఎందుకు స్పష్టమో చెబితే కొట్టేస్తాను."

"అది అందరికీ తెలిసిందేనమ్మా."

"అందరూ రారు కదండీ. మీరొచ్చారు, మీరు చెప్పండి."

డ్యూటీ దిగి వచ్చి షర్టు విప్పుతున్న బావ, ఆ మాటకి షర్టు మళ్ళీ తొడుక్కుని వంటింట్లోకి జారుకున్నాడు.

గైడు గారు తీరుబాటుగా కాగితం అడిగారు. కాఫీ వచ్చేలోగా అయిపోతుందన్నారు. మొదటి కాఫీ అయింది. కాగితం తిరగేశారు. రెండో కాఫీ చల్లారింది. ఆయన ఒక్కసారి కూడా ఫ్యాను వైపు చూడలేదని అక్క గమనించింది. ఆయన మీద గౌరవం కలిగింది, భయం కూడా వేసింది. కాగితం వైపే చూస్తూ చెప్పలేకపోతున్నారంటే, తప్పు మనిషిలో లేదు, వాక్యంలోనే ఉంది.

"అడ్డులు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంటే ఏ చిక్కూ లేదు," అని ఆయన తనలో తాను గొణుక్కున్నారు. "ఒక యార్డు, ఒక స్టేడియం... కట్టలు విడివిడిగా ఉండిపోతాయి. ఎవరి మానాన వాళ్ళు. చిక్కంతా..."

ఆయన కళ్ళు గోడ మీద ఆగాయి. అక్కడ మేకుకి బావ తాళాల రింగులున్నాయి. బస్సుది పెద్దది, ఇంటిది దానికన్నా చిన్నది, సైకిలుది ఇంకా చిన్నది. ఆయన లేచి వాటిని తీసుకొచ్చి బల్ల మీద ఒకదానిలో ఒకటి పేర్చారు. అన్నీ ఒకే చోట తగిలేలా సర్దారు.

"ఇవి ఇలా చిన్నవై, ఇంకా చిన్నవై, అంతు లేకుండా ఉన్నాయనుకుందాం. ఈ తగిలే చోటే డిపో. ఇక్కణ్ణుంచి రింగు రింగుకీ ఒక ట్రిప్పు. మరీ చిన్న రింగుల ట్రిప్పులు అసలు కదలనట్టే ఉంటాయి. అవునా? అయినా ఏ రెండూ ఒక కట్టలో పడవు..."

తమ్ముడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పావుగంట ఇద్దరూ పిల్లల్లా రింగులు జరిపారు. తరవాత గైడు గారి చెయ్యి ఆగింది. మొహం మీద రంగు పోయింది.

"అబ్బాయీ," అన్నారు, "మనిద్దరికీ ఒకటే రోగంలా ఉంది."

ఏం తేలిందో చెప్పకుండానే ఆయన లేచారు. బావ తాళాలు, అక్క పెన్సిలు కూడా ఆయన సంచిలోనే వెళ్ళిపోయాయి. మర్నాడు బావ డిపోకి పోయి మేనేజరుతో, "బస్సు తాళం లెక్కల పనిమీద వెళ్ళిందండీ," అని చెప్పుకోవలసి వచ్చింది.

తమ్ముడు శుక్రవారం మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అక్క ఆ తొంభై ఒకటో పేజీ పట్టుకెళ్ళి పక్కన కూర్చుంది.

"ఒరేయ్, ఆ వాక్యం తీసేస్తే ఏం మిగులుతుంది?"

"బూడిద."

"సరిగ్గా చెప్పు."

"ఐదో అధ్యాయం పోతుంది. ఆరోది పోతుంది."

"నాలుగు?"

అతను గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "నాలుగులో జత వాడలేదు," అన్నాడు. "అక్కడ ఒక కట్టని కదలకుండా పట్టుకుని, రెండోదాన్నే కదుపుతాను. అప్పుడు ఒక్కో కట్ట దగ్గరితనం దిగితే చాలు. జతలతో పనే లేదు."

"అప్పుడు చిక్కు లేదా?"

"లేదు. ఎడమది పట్టుకుని కుడిది కదిపినా సరే, కుడిది పట్టుకుని ఎడమది కదిపినా సరే. రెండూ ఒకేసారి కదిపితేనే..." అతను లేచి కూర్చున్నాడు. "టాక్సీలకి కూడా ఇంతే అక్కా! ఏ మూలనుంచి ఏ మూలకైనా!"

చెబుతున్నంతసేపూ అతని చూపు అక్క చేతిలోని కాగితం మీదే ఉంది.

అప్పట్నుంచి ఆదివారం రాత్రి దాకా ఆ గదిలో తమ్ముడి గొంతు, అక్క వేళ్ళు తప్ప ఇంకో చప్పుడు లేదు. బావ తన వంతుగా వంట చేశాడు. దానివల్ల పని ఆగలేదు గాని ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు. నూట యాభైనాలుగు పేజీలు ఎనభై ఆరుకి దిగాయి. ఎనభై ఒకటో పేజీలో తమ్ముడు ఒక వాక్యం రాశాడు. రెండింటినీ ఒకేసారి కదిపినా ఫరవాలేదని ఇంతకు ముందు అచ్చయిన రుజువులో లోపం ఉందని. ఎవరి రుజువో రాయలేదు. అయినా దాని కిందే గైడు గారు సంతకం పెట్టాలి.

సోమవారం మూడింటికి ముగ్గురూ ఆయన గదిలో ఉన్నారు. బావ సెలవు పెట్టి వచ్చాడు. తాళాలు అడగడానికని చెప్పాడు గాని, తాళాల మాటే ఎత్తలేదు. గైడు గారి గడ్డం నాలుగు రోజులుగా గీసినట్టు లేదు. ఆయన ఎనభై ఒకటో పేజీ తీసి, కళ్ళజోడు పైకి పెట్టి, ఒక్క వాక్యాన్నే చాలాసేపు చదివారు. తమ్ముడు కుర్చీ అంచు మీద ఉన్నాడు.

"ఇది ఒప్పుకోను," అన్నారాయన.

తమ్ముడి భుజాలు దిగిపోయాయి. అక్క తన చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

"'ఇంతకు ముందు అచ్చయిన రుజువు' ఏంటయ్యా? అనాథ రుజువా అది? ఎవరిదో రాయి. పేరు రాయి, పేజీ నంబరు రాయి. ఒప్పుకి పన్నెండేళ్ళు నా పేరు వేసుకుని తిరిగాను. తప్పుకి ఎవడో ముక్కూమొహం తెలియనివాడి పేరు పడితే నేనూరుకుంటానా?" ఆయన సొరుగు తెరిచి ఆరు కాగితాలు బల్ల మీద పడేశారు. "ఇది కూడా చివర చేర్చు. ఆ రింగుల మీద రెండూ ఒకేసారి కదిపితే ఎలా చెడుతుందో పూర్తిగా తేల్చాను. లోపం కాదు, మాటే అబద్ధం. పత్రికవాళ్ళకి ఉత్తరం కూడా పెట్టాను."

అక్క ఆయన కంప్యూటరు ముందు కూర్చుంది. ఆయన చదువుతూ పోయారు, ఆవిడ కొడుతూ పోయింది. ఆ ఆరు కాగితాల్లో 'స్పష్టమే' అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నాలుగున్నరకి ప్రింటు వచ్చింది. ఆయన సంతకం పెడుతూ తమ్ముడితో అన్నారు.

"నా పేపరు ఇన్నేళ్ళలో వందమంది వాడుకున్నారు. చదివింది నువ్వొక్కడివే."

"చదివింది నేను కాదండీ," అని తమ్ముడు అక్కని చూపించాడు.

"నేను చదవలేదండీ బాబూ," అంది అక్క కంగారుగా. "టైపు చేశానంతే."

నలుగురూ మెట్లు దిగి ఆఫీసు వైపు పరుగు తీశారు. గైడు గారు మొదటి మలుపులోనే ఆగి, మీరు పొండి అని చెయ్యి ఊపారు. కౌంటరు రేకు తలుపు సగం దింపి ఉంది. తమ్ముడు వంగి దాని కిందనుంచి థీసిస్ లోపలికి తోశాడు. గుమాస్తా దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"ఇదేంటి, ఇంత పల్చగా ఉంది? పదేళ్ళు చేశారు కదా!"

"తప్పులు తీసేశామండీ," అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

గుమాస్తా తన వెనక కప్పు దాకా పేర్చి ఉన్న లావుపాటి థీసిస్‌ల బీరువాల వైపు ఒకసారి చూశాడు.

"ఆ పని అందరూ చేస్తే నాకు కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికేది," అని ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చాడు.